గ్యాలరీలో మా పిల్లల పక్కన కూర్చున్న పెద్దాయనకు

విశాఖ టెన్నిస్ కోర్టులో పై ర్యాంకు ఆటగాళ్ల మ్యాచ్ ఎలా చూడాలో మా జూనియర్లకు నేర్పారు. మీ పేరైనా అడగలేకపోయాం. మనసారా ధన్యవాదాలండీ.

బంతిని కాదు, పాదాలను చూడమన్నారు. ప్రత్యర్థి రాకెట్ ముందుకు కదలగానే చిన్న గెంతు, బంతి ఆ రాకెట్‌కు తగిలేసరికి మన పాదాలు నేల మీద. ఆలస్యమైతే మొదటి అడుగే తప్పుతుంది. మావాళ్ల లోపం సరిగ్గా అదే. సముద్రపు తేమకు బంతి నూగు ఉబ్బి బరువెక్కినప్పుడు, పై ర్యాంకువాళ్లు ఇంకా గట్టిగా బాదకుండా నెట్ మీద ఎత్తు పెంచడం చూపించారు.

ఫెదరర్ 1,526 సింగిల్స్ మ్యాచ్‌ల్లో దాదాపు 80 శాతం గెలిచినా, పాయింట్లలో గెలిచింది 54 శాతమేనన్నారు. ఆ లెక్క విన్నాక, పాయింటు పోయినప్పుడల్లా మావాళ్లు రాకెట్లు విసరడం ఆగింది. ఇప్పుడు తమను ఓడించినవాళ్ల సెకండ్ సర్వ్ (మొదటిది తప్పాక వేసే సర్వ్) ఎక్కడ పడుతోందో నోట్‌బుక్‌లో రాసుకుంటున్నారు.