మైలుతుత్తానికి ఆ నీలం ఎక్కడిది?

కర్నూలు

రమణా,

నీ ఉత్తరం అందింది. నార్పలలో అదునుకు వాన పడిందని చదివి ప్రాణం లేచొచ్చింది. చివర్లో నువ్వడిగిన మాట చూశాక మాత్రం పేపర్లు దిద్దడం పక్కన పెట్టేశాను. చీనీ చెట్లకు వాడే మైలుతుత్తం అంత నీలంగా ఉంటే, దాని పక్కనున్న జింక్ సల్ఫేట్ తెల్లగా ఎందుకుంది అన్నావు. ఇంటర్ పిల్లలకు నేను చెప్పే పాఠంలో సగం ఆ రెండు బస్తాల్లోనే ఉంది రా!

మైలుతుత్తం అంటే రాగి సల్ఫేటే. రాగి 29వ మూలకం, జింక్ 30వది. సల్ఫేట్‌గా ఉన్నప్పుడు రెండూ రెండేసి ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ఉంటాయి. వాటిలో డి ఆర్బిటాళ్లని, ఎలక్ట్రాన్లు ఉండే గదుల్లాంటివి, ఐదుంటాయి, మొత్తం పది ఎలక్ట్రాన్లు పడతాయి. జింక్‌లో పదీ నిండాయి. రాగిలో తొమ్మిదే. తేడా అంతా అక్కడే ఉంది.

మైలుతుత్తం స్ఫటికంలో రాగి చుట్టూ నీటి అణువులు చేరి ఉంటాయి. అవి దగ్గరికి రాగానే ఆ ఐదు ఆర్బిటాళ్లు ఒకే ఎత్తులో ఉండవు, మెట్లలా విడిపోతాయి. కింది మెట్టు మీది ఎలక్ట్రాన్ పైనున్న ఖాళీలోకి ఎక్కడానికి కావలసిన శక్తిని వెలుగులోంచి తీసుకుంటుంది. రాగి అలా ఎరుపు, నారింజ వైపు వెలుగును మింగేస్తే మిగిలిన నీలం మన కంటికి చేరుతుంది. జింక్‌లో ఎక్కడానికి ఖాళీయే లేదు. కంటికి కనబడే వెలుగులో దేన్నీ అది ముట్టుకోదు, అందుకే తెలుపు.

నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరనిది ఇంకొకటుంది. ల్యాబ్‌లో మైలుతుత్తాన్ని పరీక్ష నాళికలో వేసి బాగా వేడి చేస్తే నీరంతా పోయి తెల్లటి పొడి మిగులుతుంది. రాగి అదే, తొమ్మిది ఎలక్ట్రాన్లూ అవే. కానీ నీరు పోయేసరికి మెట్ల మధ్య ఎడం తగ్గి, అది మింగే వెలుగు కంటికి అందని పరారుణం వైపు జరిగిపోతుంది. ఒక్క చుక్క నీళ్లు వెయ్యి, మళ్లీ నీలం! మైలుతుత్తం నీళ్లలో కరిగించి, ఆ ద్రావణంలో అమోనియా ఎక్కువగా పోస్తే ఎడం పెరిగి చిక్కటి ముదురు నీలం వస్తుంది. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. కాబట్టి రంగును రాగి ఒక్కదాని ఖాతాలో వెయ్యలేం, చుట్టూ ఎవరున్నారో కూడా చూడాలి. కెంపు ఎరుపుకీ పచ్చరాయి ఆకుపచ్చకీ కారణం ఒకటే, కొద్దిపాటి క్రోమియం. కెంపులో చుట్టూ ఉన్న ఆక్సిజన్లు దాన్ని ఇంకాస్త గట్టిగా నొక్కి మెట్ల మధ్య ఎడం పెంచుతాయి, అంతే.

అయితే అన్ని రంగులూ ఈ దారిలో రావు. బావిలో వేసే పర్మాంగనేట్ ఉంది చూడు, అందులోని మాంగనీస్‌కు డి ఎలక్ట్రాన్ ఒక్కటీ మిగల్లేదు. అయినా అంత ఊదా! అక్కడ ఆక్సిజన్ దగ్గరి ఎలక్ట్రానే వెలుగును మింగి మాంగనీస్ మీదికి దూకుతుంది. మీ ఎర్రనేలలోని ఇనుప ఆక్సైడ్ రంగులోనూ ఇలాంటి దూకుడికి పెద్ద వాటా ఉంది.

ఈసారి మైలుతుత్తం, సున్నం కలిపి చెట్లకు కొట్టే బోర్డో మిశ్రమం తయారు చేసినప్పుడు ఇనుప కత్తి ముంచి చూడు. దాని మీద ఎర్రగా రాగి పేరుకుంటే సున్నం చాలలేదని అర్థం, అలాగే కొడితే ఆకులు మాడతాయి. ఇంకాస్త సున్నపు తేట కలుపు.

వదినను అడిగానని చెప్పు.

నీ
సుబ్బు