వాయిడ్ డెక్ ఆట బల్లలు తీసేయకండి: సింగపూర్ మంత్రి గారికి బహిరంగ లేఖ

సింగపూర్ జాతీయాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 1989 నుంచి అమల్లో ఉన్న జాతుల కోటా వల్ల హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) బ్లాకుల్లో చైనీయులు, మలయ్‌లు, భారతీయులు ఒకే లిఫ్టు ఎక్కుతున్నారు. లిఫ్టులో తలూపడం వేరు, స్నేహం వేరు. డెబ్బై దాటిన మగవాళ్ళు ఊరికే కూర్చుని మాట్లాడుకోమంటే మాట్లాడరు. చేతికి ఏదో పని, రోజూ అదే వేళ, అదే చోటు ఉండాలి. అందుకే వాయిడ్ డెక్ (బ్లాకు అడుగున తెరిచి ఉంచిన ఖాళీ అంతస్తు) ఆట బల్లల గురించి, ఫిర్యాదు రాగానే వాటిని తీసేయొద్దని ఈ లేఖ.

చైనీస్ చదరంగం పావుల మీద చీనా అక్షరాలుంటాయి. అవి రాని పెద్దాయన కాసేపు చూసి వెళ్ళిపోతాడు. పలకలతో ఆడే మాజాంగ్‌కి నలుగురు కుదిరాక ఐదోవాడికి చోటు లేదు. దామ్ (చెకర్స్ లాంటి ఆట) అలా కాదు. చదవాల్సిన అక్షరాల్లేవు; ఆడేది ఇద్దరే అయినా చుట్టూ చూసేవాళ్ళు ఎత్తులు చెప్పొచ్చు. అడ్డం 12, నిలువు 12 గళ్ళు. చెరో 30 కాయలు, ఐదేసి వరుసల్లో నల్లగళ్ళ మీద. మధ్యలో రెండు వరుసలు ఖాళీ. సీసా మూతలైనా చాలు, ఒకరివి బోర్లా, ఇంకొకరివి వెల్లకిలా. పాత తరానికి బజారు మలయ్ ఉమ్మడి భాష. పిల్లల దగ్గరికి వచ్చిన మన తెలుగు తండ్రులకు అదీ రాదు, అయినా ఈ బల్ల దగ్గర ఆట దొరుకుతుంది.

గడి 4 సెంటీమీటర్లకు తగ్గొద్దు. శుక్లాలున్న కళ్ళకు చిన్న గళ్ళు అలుక్కుపోతాయి. పాతేసిన సిమెంటు స్టూళ్ళు ముందుకు జరగవు, నడుం పట్టేస్తుంది; వీపు ఆనే కుర్చీలు వేయించండి. ఒక పక్క ఖాళీగా వదిలితే చక్రాల కుర్చీ పడుతుంది. చూసేవాళ్ళకూ నాలుగు కుర్చీలు కావాలి. చుట్టూ మూగి ఎత్తులు చెప్పేవాళ్ళ మధ్యే పరిచయాలు ఎక్కువ పెరుగుతాయి.

బల్ల మీదికి బీరు డబ్బా వస్తే మలయ్ పెద్దలు లేచిపోతారు, మళ్ళీ రావడం కష్టం. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ పోటీ పెడితే వాళ్ళను పిలవనట్టే. రంజాన్‌లో పగటి ఫలహారాలు ఆపి, కాఫీలు మిగతా రోజుల్లో హలాల్ స్టాలు నుంచి తెప్పించాలి. పందెం మొదలైతే ఆట తగాదాల్లోకి దిగుతుంది.

ఇక చప్పుడు. కాయ ఠపీమని కొడితే పై అంతస్తు పడగ్గదికి వినిపిస్తుంది, ఫిర్యాదు వస్తుంది, బల్ల పోతుంది. బోర్డు కింద రబ్బరు పట్టా వేయించండి. బల్లను పడగ్గదుల కింద నుంచి లిఫ్టు వైపు జరిపించండి. రాత్రి 9కి ఆట ఆపాలని నాలుగు అధికార భాషల్లోనూ రాయించండి. ఇవన్నీ చేసి చూడకుండా బల్ల తీయొద్దని, బ్లాకుల నిర్వహణ చూసే టౌన్ కౌన్సిళ్ళకు చెప్పండి. జూలై 21న జాతి సామరస్య దినం సభలో పక్కపక్కన కూర్చున్న పెద్దలు 22న కలవాల్సింది ఈ బల్లల దగ్గరే.

ఇట్లు,
సింగపూర్‌లో వయోవృద్ధుల కార్యక్రమాలు చూసే తెలుగు వాలంటీర్లు