వంతెన కట్టేటప్పుడు పడవనూ గుర్తుపెట్టుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

బందరు పోర్టు పనుల గురించి మీ పేపర్లో ఏది వచ్చినా వదలకుండా చదువుతాను. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మన బెజవాడ కూడా ఒకప్పుడు రేవేనన్న మాట మాత్రం ఎక్కడా కనపడదు, అదే నా బాధ.

1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక కాలువల్లోకి నీళ్లతో పాటు పడవలూ వచ్చాయి. బందరు కాలువ పట్టుకుంటే సముద్రం, ఏలూరు కాలువలో వెళ్తే ఏలూరు దగ్గర గోదావరి కాలువ అందుకుని కాకినాడ, ఏరు దాటి సీతానగరం వైపు దిగితే దుగ్గిరాల, కొమ్మమూరు కాలువ, పెదగంజాం మీదుగా బకింగ్‌హాం కాలువలో నేరుగా మద్రాసే. పడవల వ్యాపారం తెల్లవాళ్లతో మొదలైందనుకోకండి, 1960ల్లో ధరణికోటలో తవ్వితే శాతవాహనుల నాటి రేవే బయటపడింది.

మా తాతది దుగ్గిరాల దగ్గర పల్లె. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో వడ్ల పడవెక్కి బెజవాడ వచ్చేవాడట. గాలుంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ సాగకపోతే ఇద్దరు మనుషులు భుజాన తాడేసుకుని గట్టు మీద నడుస్తూ లాగడమే. కాలువలో నీటి మట్టం మారే చోట రెండు తలుపుల మధ్య గదిలా కట్టిన లాకుల దగ్గర పడవను లోపలికి తోసి వెనక తలుపు మూసేసేవాళ్లు, ముందు తలుపు తూము ఎత్తగానే నీళ్లు లోపలికి ఎగబడి, బస్తాలతో సహా పడవ మెల్లగా పైకి లేచేదట. ఆ మాట చెప్పేటప్పుడు తాత అరచెయ్యి చాపి, అంగుళం అంగుళం పైకి లేపి చూపించేవాడు.

1893లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది, సరుకు మెల్లగా రైలెక్కింది, తర్వాత లారీ ఎక్కింది. దానికి ఎవర్నీ తప్పుపట్టను. కానీ ఇవాళ పొద్దున్నే గట్టున నడుస్తుంటే కాలువలో గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు, ఎవరో పడేసిన పాత పరుపు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువల్నీ, కృష్ణా గోదావరుల్నీ కలిపి 4వ జాతీయ జలమార్గం అన్నారు, 2017లో ముక్త్యాల, విజయవాడ మధ్య పనులకు శంకుస్థాపన కూడా చేశారు. మరి కాలువల మీద కొన్ని వంతెనలు, కింద పడవ దూరలేనంత తక్కువ ఎత్తులో ఎందుకున్నాయి? పాతవాటిని ఇప్పటికిప్పుడు కూలగొట్టమనడం లేదు. పాత లాకుల దగ్గర అవి ఎందుకు కట్టారో తెలుగులో ఒక బోర్డు పెట్టండి, ఇకమీదట ఏ వంతెన కట్టినా సరుకు పడవ వెళ్లేంత ఎత్తు ఉంచండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ