ఆ వార్తలో రాని 22 ఏళ్లు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. గత నెల మీ పత్రిక జిల్లా పేజీలో ‘మాజీ సైనికుడి మృతి’ అనే శీర్షికతో మా తాత మరణవార్తను ఫోటోతో సహా వేసినందుకు మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు. పరకాల దగ్గరి పల్లె నుంచి 1966లో, 19 ఏళ్ల వయసులో సైన్యంలో చేరారనీ, 1971 యుద్ధంలో పాల్గొన్నారనీ, 17 ఏళ్ల సర్వీసు తర్వాత ఇంటికి వచ్చారనీ రాశారు. అదంతా నిజమే. అయితే ఆ తర్వాత 1983 నుంచి 2005 దాకా వరంగల్‌లోని ఒక ఆసుపత్రి వార్డులో ఆయన రోగులకు చేసిన సేవ గురించి అందులో ఒక్క మాట లేదు. ఈ లోపం మీ విలేకరిది కాదు. ఆయన అడిగినప్పుడు మేమే చెప్పలేదు. ‘మిలటరీ మనిషి’ అనే పేరు ముందు వార్డు పని మాకే చిన్నదిగా తోచింది, అందుకు ఇప్పుడు బాధపడుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిజానికి సైన్యంలోనూ తాత చేసింది ఆ పనే. లక్నోలో ఆర్మీ మెడికల్ కోర్ శిక్షణ పొంది నర్సింగ్ అసిస్టెంటు అయ్యారు. 1971 డిసెంబరు 3న మొదలై, 16న ఢాకాలో పాకిస్తాన్ సేనల లొంగుబాటుతో ముగిసిన యుద్ధంలో ఆయన తూర్పు సరిహద్దున, గాయపడిన జవాన్లను స్ట్రెచర్ల మీద మోసుకొచ్చి, కట్లు కట్టి, వెనక ఆసుపత్రులకు పంపే దళంలో ఉన్నారు. అందుకు వచ్చిన పూర్వీ స్టార్ పతకం, తెల్ల రంగుతో నంబరు రాసిన ఆయన రేకు పెట్టెలో, ఉన్ని స్వెట్టరు కింద ఉండేది. పంద్రాగస్టు నాడైనా దాన్ని బయటికి తీయగా నేను చూడలేదు. యుద్ధం గురించి చెప్పమంటే ‘నిద్ర లేకుండె బిడ్డా’ అని ఊరుకునేవారు.

వార్డు గురించి అడిగితే మాత్రం పొద్దుపోయేదాకా చెప్పేవారు. 1997-98 పత్తి కాలం ఆయన మనసులోంచి చివరిదాకా పోలేదు. లద్దె పురుగు పడి, ఎన్ని మందులు కొట్టినా అది చావక, పంట పోయి అప్పులు మిగిలిన ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఎందరో రైతులు చేనుకు తెచ్చిన మందునే తాగారు. డాక్టర్లు విరుగుడుగా అట్రోపిన్ ఇస్తుంటే, ఆ విషం చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది కాబట్టి, మందు పడిన బట్టలను విప్పి మనిషిని తలవెంట్రుకల దాకా సబ్బుతో కడిగే పని తాతది. డ్యూటీ దిగి వచ్చాక వాకిట్లోనే బట్టలు మార్చి, స్నానం చేస్తే గాని మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదని మా నానమ్మ చెప్పేది.

మీ పత్రికలో ఫోటో చూసి, పెద్దకర్మ రోజున నర్సంపేట వైపు నుంచి ఒక రైతు మా ఇంటికి వచ్చారు. ఆ ఏడాది తొమ్మిది రోజులు ఆ వార్డులో ఉన్నారట. ‘ఎందుకు తాగినవని ఆయన ఒక్కనాడూ అడగలేదమ్మా, ఎన్ని ఎకరాలు పెట్టినవ్, ఏ ఇత్తనం అని అడిగేది. నా భార్య తిన్నదా లేదా అని చూసేది. మిలటరీల చేసిండని పేపర్ల చూసేదాక నాకు తెల్వదు’ అన్నారు. అక్కడ కూర్చున్న మా బంధువులు చాలామందికి మిలటరీ సంగతి తెలుసు, ఈ సంగతి తెలియదు.

మరొక్క విషయం చెప్పాలి. మంచం పట్టినవారిని రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే మడమల మీద, నడుము కింద, తుంటి మీద పుండ్లు పడతాయి. తాత దీన్ని వార్డులో రోగి వెంట వచ్చిన ప్రతి ఇంటివారికీ నేర్పేవారు. కింద పరిచిన దుప్పటి అంచును గట్టిగా చుట్టి పట్టుకుని, ఇద్దరు కలిసి ఒక్కసారే తిప్పాలి, ఈడ్చకూడదు, తిప్పాక వీపు మీద అరచెయ్యి ఆనించి వేడి చూడాలి. మా అమ్మకు కూడా అలాగే నేర్పారు. చివరి నాలుగు నెలలు పక్షవాతంతో కుడి పక్క పడిపోయి, మాట కూడా పోయాక, పక్క మార్చే వేళ దాటితే ఎడమ చేతి వేళ్లతో మంచం పట్టెను మెల్లగా కొట్టేవారు. పోయేనాటికి ఆయన ఒంటి మీద ఒక్క పుండు లేదు. మేము ఆయనను మొదట చేర్పించిన ఆసుపత్రిలో మాత్రం, ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ ఇచ్చారే తప్ప ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. తాత నేర్పి ఉండకపోతే మాకూ తెలిసేది కాదు.

కాబట్టి మంచం పట్టిన రోగిని ఇంటికి పంపేముందు, పక్క మార్చడం ఇంటివారి చేత ఒక్కసారైనా చేయించి చూడమని ఆసుపత్రులకు మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను. వార్డుల్లో పనిచేసినవారు కన్నుమూసినప్పుడు ఆ పనిని కూడా అడిగి రాయమని మీ విలేకరులకు చెప్పగలరని, మా తాత వార్త వచ్చిన జిల్లా పేజీలోనే ఈ ఉత్తరానికి కొంచెం చోటు ఇవ్వగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఆయన మనుమరాలు,
హనుమకొండ