నిర్వచనం దగ్గర ఆగిన సిగార్

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందింది. అమెరికాలో చేతితో చుట్టే మేలురకం సిగార్లకు కోర్టు తీర్పుతో ప్రభుత్వ నియంత్రణ బెడద తప్పినట్టేనా, ఇక నిశ్చింతగా ఉండవచ్చా అని అడిగావు. రెండు వాక్యాల్లో జవాబు రాసి పంపేద్దామనుకున్నాను. కానీ ఈ విషయం మీద నాకున్న మమకారం నీకు తెలియనిది కాదు, అందుకే కాస్త మొదటినుంచి చెబుతాను.

2009 జూన్‌లో ఒబామా సంతకం చేసిన పొగాకు నియంత్రణ చట్టం సిగరెట్లను, నమిలే పొగాకును, విడిగా చుట్టుకునే పొగాకును మాత్రమే నేరుగా అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చేతికి అప్పగించింది. సిగార్ల పేరు అందులో లేదు. అయితే మిగిలిన పొగాకు ఉత్పత్తులను కూడా తన పరిధిలోకి తెచ్చుకునే అధికారాన్ని ఆ చట్టమే ఎఫ్‌డీఏకు ఇచ్చింది. 2014లో ఆ సంస్థ ముసాయిదా ప్రకటించినప్పుడు రెండు మార్గాలు చూపింది: సిగార్లన్నిటినీ నియంత్రించడం ఒకటి, మేలురకం సిగార్లను వదిలిపెట్టడం రెండోది. ఆ రెండో మార్గంలో మేలురకం అనిపించుకోవాలంటే సిగార్ ధర కనీసం 10 డాలర్లు ఉండాలన్నారు. నాకు అది అప్పుడే అన్యాయంగా తోచింది. అంతే శ్రద్ధతో చుట్టి ఆరేడు డాలర్లకే అమ్మే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, పనితనాన్ని ధరతో కొలవడం ఏ విధంగా సబబు? చివరికి 2016 మే నెలలో వెలువడిన తుది నిబంధన మొదటి మార్గాన్నే ఎంచుకుంది. ఆగస్టు 8 నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. వయసు ధ్రువీకరణ, ఉచిత నమూనాల నిషేధం వంటివి ఎవరైనా పాటించగలిగినవే, వాటి మీద నాకు అభ్యంతరం లేదు. పరిశ్రమను వణికించింది మార్కెట్‌కు ముందే తీసుకోవలసిన అనుమతి. 2007 ఫిబ్రవరి 15 నాటికి అమ్మకంలో ఉన్న సిగార్‌కు ఆ అనుమతి అక్కరలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతిదీ పాత ఉత్పత్తితో సమానమైనదని పరీక్షలతో, పత్రాలతో నిరూపించుకోవాలి. ఏళ్ల తరబడి ఒకే రుచిలో, ఒకే కొలతలో కోట్ల సంఖ్యలో యంత్రం మీద తయారయ్యే సిగరెట్‌కు ఈ పద్ధతి సరిపోతుంది. సిగార్ సంగతి వేరు.

నికరాగ్వాలోని ఎస్తెలీలోనో, హోండురాస్‌లోని దాన్లీలోనో, డొమినికన్ రిపబ్లిక్‌లోని తాంబోరిల్‌లోనో సిగార్ ఎలా తయారవుతుందో ఒక్కసారి ఊహించుకో. లోపలి కూర్పు ఆకు, దాన్ని పట్టి ఉంచే కట్టు ఆకు, కంటికి కనిపించే పై ఆకు, ఈ మూడూ తరచుగా మూడు వేర్వేరు పొలాల నుంచి, ఒక్కొక్కసారి మూడు వేర్వేరు దేశాల నుంచి వస్తాయి. ఆకును మండెలుగా పేర్చి, లోపల వేడి పుట్టినప్పుడు విప్పి తిరగవేసి, నెలల తరబడి మాగబెడతారు. ఈనె తీసి, మళ్ళీ నిల్వ ఉంచుతారు. ఒక ఏడు వాన ఎక్కువై ఆకు పలచబడితే, కూర్పు చేసే మనిషి ఆ లోటును మరో పొలం ఆకుతో పూడుస్తాడు. రుచి మారకుండా ఉండడం కోసమే మిశ్రమాన్ని మార్చడం అతని విద్య. పత్రాల దృష్టిలో మాత్రం అతడు కొత్త ఉత్పత్తిని తయారు చేసినట్టు లెక్క! అదే మిశ్రమాన్ని ఆరు పొడవుల్లో చుడితే ఆరు ఉత్పత్తులకు ఆరు దస్త్రాలు పెట్టాలి. ఏడాదికి లక్షల సిగార్లు అమ్మే పెద్ద సంస్థ ఆ ఖర్చును ప్రతి సిగార్ మీదా కొద్దికొద్దిగా పంచుకుంటుంది. ఒక కొలతలో ఐదువేలే చుట్టే చిన్న కార్ఖానా పంచుకోవడానికి ఏముంటుంది చెప్పు? దస్త్రం ఖర్చు సిగార్ల సంఖ్యను బట్టి తగ్గదు కదా. భయపడవలసింది సిగార్ ధర పెరగడం గురించి మాత్రమే కాదు, కొత్త కూర్పులు పుట్టడమే ఆగిపోతుందేమోనని. నా బాధంతా దాని గురించే.

పరిశ్రమ సంఘాలు కోర్టుకు వెళ్ళాయి. సిగార్ పెట్టెల రెండు ప్రధాన ముఖాల మీద 30 శాతం మేర హెచ్చరిక ముద్రించాలన్న నిబంధనను 2020లో అప్పీలు కోర్టు కొట్టివేసింది. అదే ఏడాది ఆగస్టులో న్యాయమూర్తి అమిత్ మెహతా మేలురకం సిగార్లకు ముందస్తు అనుమతి షరతును నిలిపివేశారు. 2023 ఆగస్టులో ఆ సిగార్లకు సంబంధించినంత వరకు మొత్తం నిబంధననే రద్దు చేశారు. సిగార్లను అరుదుగా కాల్చడం వల్ల ప్రమాదం తక్కువగా ఉంటుందనడానికి ఆధారమేదీ తమకు అందలేదని ఎఫ్‌డీఏ రాసింది, కానీ అలాంటి సమాచారం దాని ముందే ఉంది. తీర్పుకు మూలం ఆ లోపమే. సిగార్ హానికరం కాదని కోర్టు ఎక్కడా అనలేదు.

ఈ మాటను నీకు నొక్కి చెప్పాలి, ఎందుకంటే తీర్పును ఆరోగ్యపత్రంలా చూపించుకునే వాళ్ళు నాకు తారసపడుతూనే ఉన్నారు. సిగార్ పొగ క్షారగుణం కలది కనుక పీల్చకపోయినా నికోటిన్ నోటి పొరల ద్వారా రక్తంలోకి చేరుతుంది. నోటి, స్వరపేటిక, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లతో సిగార్‌కు ఉన్న సంబంధాన్ని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1998లోనే ఒక సంపుటంగా ప్రచురించింది. ప్రభుత్వానికి శాస్త్ర విషయాల్లో సలహాలిచ్చే నేషనల్ అకాడమీస్ 2022 నివేదిక కూడా పొగలోని విషాలను కాదనలేదు. ఎక్కువమంది అప్పుడప్పుడే కాలుస్తారు, లోపలికి పీల్చరు కనుక ముప్పు తక్కువగా ఉండవచ్చని మాత్రమే చెప్పింది. రోజూ కాల్చేవాడికి ఆ ఊరట వర్తించదు. అందుకే హెచ్చరిక ముద్రించడాన్ని నేను వ్యతిరేకించను. 2019 డిసెంబరు నుంచి కొనుగోలు వయసు 21కి పెంచడమూ నాకు సమ్మతమే.

ఇక పన్ను. ఫెడరల్ పన్ను తయారీదారు ధరలో 52.75 శాతం, కానీ ఒక్కో సిగార్‌కు 40.26 సెంట్లు మించకూడదని పరిమితి ఉంది. ఆ పరిమితిని ఎత్తివేయాలన్న ప్రతిపాదనలు అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో వచ్చాయి. అదే జరిగితే కార్ఖానాలో 5 డాలర్లు పలికే సిగార్ మీద పన్ను 40 సెంట్ల నుంచి సుమారు 2 డాలర్ల 64 సెంట్లకు ఎగబాకుతుంది. కాల్చేవాడి జేబుకు ఏ అనుమతి దస్త్రం కన్నా ముందుగా తగిలేది ఇదే.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. 2025 జనవరిలో అప్పీలు కోర్టు రద్దును సమర్థించింది, కానీ మేలురకం సిగార్ అంటే ఏమిటన్న నిర్వచనాన్ని మళ్ళీ చూడమని కింది కోర్టుకు, అంటే మెహతా గారి కోర్టుకే, పంపింది. మెహతా గారు వాడిన నిర్వచనం ధర ఊసెత్తదు, అది నాకు నచ్చింది. చేతితో చుట్టి ఉండాలి, పై ఆకు ముక్కలు కాని పూర్తి ఆకై ఉండాలి, లోపలి కూర్పులో కనీసం సగం బరువు పొడవాటి ఆకులదై ఉండాలి, ఫిల్టర్ ఉండకూడదు, వెయ్యి సిగార్లు 6 పౌండ్లకు మించి తూగాలి, పొగాకు తప్ప మరో ప్రత్యేక రుచి ఉండకూడదు, పొగాకు, నీరు, వృక్షసంబంధమైన జిగురు తప్ప ఇంకేమీ కలపకూడదు. చివరి రెండు షరతుల దగ్గర నువ్వు గుర్తుకొచ్చావు రఘూ. నీకెంతో ఇష్టమైన ఆ సిగార్, పెదవికి తగలగానే తియ్యగా ఉండేది, ఎంత చక్కగా చేతితో చుట్టినదైనా ఆ నిర్వచనంలో ఇమడదు. మినహాయింపు దానికి వర్తించదు కనుక, ఆ నిర్వచనమే నిలిస్తే 2016 నిబంధన దాని మీద ఉన్నట్టే. నీ నిశ్చింత నా సిగార్లకు చాలావరకు చెల్లుతుంది, నీ సిగార్‌కు చెల్లదు.

ఈసారి కలిసినప్పుడు తీపి పూయని ఎస్తెలీ సిగార్ ఒకటి నీకోసం తెస్తాను. నెలకొకటి అన్న మన ఒప్పందాన్ని మాత్రం మీరవద్దు.

నీ
శ్రీధర్