వార్షిక నివేదిక: అలర్జీ భద్రత చట్టం కోసం ఈ ఏడాది మన పని

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం శక్తి చాలావరకు ఒకే పనికి వెచ్చించాం. తీవ్రమైన అలర్జీ, అంటే అనాఫిలాక్సిస్ వచ్చినప్పుడు వేసే అడ్రినలిన్ పెన్నులు (మందు నింపి సిద్ధంగా ఉంచిన, పెన్ను ఆకారంలోని ఇంజెక్షన్లు) బడుల్లో, హోటళ్లలో, స్టేషన్లలో సిద్ధంగా ఉండాలని, వాటిని వేసినవారికి చట్టం అండగా నిలవాలని ప్రభుత్వానికి వినతిపత్రం ఇచ్చాం.

అది రాసేముందు న్యాయ ఉపసంఘం ఇతర దేశాల చట్టాలు చదివింది. బ్రిటన్‌లో 2021 అక్టోబరు 1 నుంచి నటాషా చట్టం అమల్లో ఉంది. షాపులోనే తయారుచేసి ముందుగా ప్యాక్ చేసిన తిండి మీద కూడా పదార్థాలన్నీ రాయాలి, 14 అలర్జీ కారకాలు కొట్టొచ్చినట్టు కనబడాలి. బ్రెడ్డులో కలిసిన నువ్వుల సంగతి తెలియక తిన్న పదిహేనేళ్ల అమ్మాయి 2016లో చనిపోయాక, ఆమె తల్లిదండ్రులు పోరాడి తెచ్చుకున్న చట్టమిది. అమెరికాలోనూ 2023 జనవరి నుంచి లేబుల్‌లో నువ్వుల పేరు తప్పనిసరైంది.

లేబుళ్లు కావాల్సిందే. కానీ పొరపాటున తినేశాక వాటితో పనిలేదు. అందుకే మాకు కెనడాలోని ఒంటారియో చట్టం ఎక్కువ నచ్చింది. 2006 నుంచి అక్కడి బడుల్లో సిబ్బందికి క్రమం తప్పకుండా శిక్షణ ఇవ్వాలి. పిల్లకు అనాఫిలాక్సిస్ వచ్చిందనిపిస్తే, ముందస్తు అనుమతి లేకపోయినా ఆ పిల్ల మందును టీచరు వేయొచ్చు. సదుద్దేశంతో వేసినవారి మీద నష్టపరిహారం దావా నిలవదు, ఘోర నిర్లక్ష్యం ఉంటే తప్ప. మన వినతిలో ఈ రక్షణనే ముందు పెట్టాం. కేసవుతుందేమోనన్న టెన్షన్‌తో చెయ్యి వెనక్కి లాక్కుంటే, పెన్ను పక్కనే ఉన్నా ప్రాణం దక్కదు.

శిక్షణ శిబిరాల్లో సూదిలేని పెన్ను చేతికివ్వగానే చాలామంది బొటనవేలు దాని కొన మీద పెట్టారు. నిజం పెన్నయితే సూది వేలికే దిగొచ్చు. పిడికిట్లో పట్టుకోవాలి, మూత తీయాలి, బట్టల మీదుగానైనా తొడ బయటి వైపు గట్టిగా నొక్కి కొన్ని క్షణాలు ఉంచాలి. ఆ తర్వాత మనిషిని లేపి నడిపించకూడదు, పడుకోబెట్టాలి. ఊపిరాడకపోతే కూర్చోనివ్వాలి. వెంటనే అంబులెన్స్ పిలవాలి. అలర్జీ మాత్ర దురద తగ్గిస్తుందే గానీ మూసుకుపోతున్న గొంతును తెరవలేదు. ఈ మాట ప్రతి శిబిరంలో మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది, ఇకముందూ చెబుతాం.

లెక్కల పత్రం విడిగా జతచేశాం. వినతికి ఇంకా జవాబు రాలేదు. బడిలోనో హోటల్లోనో అలర్జీ వచ్చి ఇబ్బంది పడిన సభ్యులు ఏం జరిగిందో రాసి కార్యదర్శికి ఇవ్వండి. అధికారులను మళ్లీ కలిసేటప్పుడు పేర్లు తీసేసి వాటిని జతచేస్తాం.

కార్యవర్గం