సోమవారం ట్రెంచ్ పని: అందరూ తప్పక చదవండి

అందరికీ నమస్కారం. సోమవారం ఉదయం 7 గంటలకు మన సిడ్నీ సైటులో డ్రైనేజీ ట్రెంచ్ తవ్వకం మొదలవుతుంది. లోతు 1.5 మీటర్లు దాటుతుంది కాబట్టి ఇక్కడి నిబంధనల ప్రకారం ఇది హై రిస్క్ పని. సేఫ్ వర్క్ మెథడ్ స్టేట్‌మెంట్ (పనిలో ప్రమాదాలేంటి, వాటిని ఎలా అదుపు చేస్తామో రాసే పేపర్) సిద్ధం కాకుండా ఎవరూ పని మొదలుపెట్టకూడదు.

డ్రాఫ్ట్ గ్రూపులో పెట్టాను. శుక్రవారం సాయంత్రంలోగా మార్పులు చెప్పండి. ఆ రాత్రే మెయిన్ కాంట్రాక్టరుకు కాపీ పంపాలి.

పాత సైటు కాపీకి పేరు మార్చి పంపొద్దు, ప్లీజ్. ఈ సైటు మట్టి ఎలాంటిది, ఎక్స్‌కవేటర్ ఎటు తిరుగుతుంది, కింద గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయి, ఇవి రాయాలి. "జాగ్రత్తగా ఉండాలి" అని రాస్తే ఏమీ రాయనట్టే. షోరింగ్ (ట్రెంచ్ గోడలు కూలకుండా పెట్టే ఆసరా) ఎవరు పెడతారు, ఎవరు చెక్ చేస్తారు, నిచ్చెన ఎక్కడ ఉంటుంది, అలా రాయండి. క్లుప్తంగా ఉంటేనే అందరూ చదువుతారు.

ఇంగ్లిష్‌తో ఇబ్బంది ఉన్న తమ్ముళ్లకు శనివారం సాయంత్రం 5కి కాల్‌లో తెలుగులో వివరిస్తాను. అర్థం కాకుండా సంతకం పెట్టకండి.

రాసినట్టు పని జరగకపోతే వెంటనే ఆపాల్సిందే. వాన పడితే ట్రెంచ్ మళ్లీ చెక్ చేసి, అవసరమైతే పేపర్ మార్చాకే దిగాలి.

వైట్ కార్డులు (నిర్మాణ పని సేఫ్టీ ట్రైనింగ్ చేసినట్టు ఇచ్చే కార్డులు) మర్చిపోకండి.